కొసరు పిచ్చుక

పొలం గట్టు, గొర్రెల మంద, ఉప్పు కుప్ప, కూలీల అడ్డా... రెండు వేల ఏళ్ళ కిందట గలిలయలో ఒక బోధకుడికి ఇలాంటివే పాఠ్యపుస్తకాలు. తెలుగు క్రైస్తవుల చుట్టూ ఇప్పటికీ ఇవే ఉన్నాయి. వీటిని చదవడానికి ఒక్కటే షరతు: ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలి.

గలిలయ సంతలో పిచ్చుకలు పేదవాళ్ళు కొనుక్కునే మాంసం. ధర కాసుకు రెండు అని మత్తయి సువార్త చెబుతుంది. ఆ కాసు విలువ రోజు కూలిలో పదహారో వంతు. లూకా సువార్తకు వచ్చేసరికి లెక్క కొంచెం మారుతుంది. అక్కడ రెండు కాసులకు ఐదు పిచ్చుకలు. కాసుకు రెండైతే రెండు కాసులకు నాలుగే రావాలి కదా, ఐదోది ఎక్కడిది? వ్యాఖ్యాన గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. రైతుబజారులో కూరగాయలు కొనే ఎవరినడిగినా చెబుతారు. అది కొసరు. రెండు కాసులు ఒక్కసారే ఇచ్చాడు కదా అని అమ్మేవాడు పైన వేసిన పిచ్చుక.

వాటిలో ఒక్కదాన్ని కూడా దేవుడు మరవడని యేసు అన్నది ఈ ఐదింటి గురించే. నాలుగింటికి సంతలో ఎంతో కొంత ధర ఉంది. ఐదోదానికి అదీ లేదు. అమ్మినవాడు దాన్ని లెక్కపెట్టలేదు, కొన్నవాడు దానికి డబ్బివ్వలేదు. దేవుడి లెక్కలో మాత్రం అది ఉంది. యేసు చుట్టూ చేరే జనంలో కొసరు మనుషులకు కొదవ లేదు: కూలి దొరకనివాళ్ళు, కుష్ఠు వచ్చి ఊరి బయట బతికేవాళ్ళు, నలుగురిలో కూర్చోబెట్టుకోని వాళ్ళు. ఆ మాట వాళ్ళకు ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ పోలిక తేవాలంటే సంత తెలియాలి, ధర తెలియాలి, బేరం ఎలా తెగుతుందో చూసి ఉండాలి. చుట్టూ ఉన్నవాటిలోంచి ఆత్మకు పనికొచ్చే పాఠాలు తీయడం క్రైస్తవంలో చాలా పాత అలవాటు. మన సంఘాల్లో ప్రతి ఆదివారం ప్రసంగాల్లోనూ వినపడేదే. కానీ అందులో మొదటి మెట్టును తరచూ దాటేస్తుంటాం. పాఠం మీద ఉన్న తొందరలో వస్తువును సరిగ్గా చూడం.

గలిలయ అనే బడి

యేసు ఉపమానాల్లో వచ్చే వస్తువులన్నీ ఒకచోట చేర్చి చూడండి. విత్తనం, ఆవగింజ, ఉప్పు, దీపం, పులిసిన పిండి, పాత బట్టకు వేసే మాసిక, వల, ద్రాక్షతీగ, అంజూరపు చెట్టు, తప్పిపోయిన గొర్రె, ఇంట్లో ఎక్కడో జారిపోయిన నాణెం. రాజులూ విందులూ అప్పుడప్పుడు వస్తారు గానీ, ఎక్కువ భాగం ఒక పల్లెటూరి ఇంటి సామానే. నజరేతులో వడ్రంగి ఇంట్లో పెరిగిన మనిషికి అది సహజం.

ఈ అలవాటు ఆయనతో మొదలైంది కూడా కాదు. జంతువులను అడుగు, అవే నీకు చెబుతాయి అంటాడు యోబు. సోమరిని చీమ దగ్గరికి పంపిస్తుంది సామెతల గ్రంథం. అదే గ్రంథం చివర్లో ఆగూరు అనే ఆయన భూమి మీద నాలుగు చిన్న ప్రాణులు మహా తెలివైనవి అని ఏరి చెబుతాడు. వాటిలో ఒకటి బల్లి. చేత్తో పట్టుకోగలిగినంత ప్రాణి, రాజుల భవనాల్లో కాపురం ఉంటుందని ఆయన ఆశ్చర్యం. మన ఇళ్ళలో ట్యూబులైటు పక్కన కనిపించే జీవిని చూసి అంతగా ఆలోచించినవాడు మూడు వేల ఏళ్ళుగా వస్తున్న ఒక చూపుకు ప్రతినిధి.

గలిలయ సముద్రం పేరుకే సముద్రం. నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. సముద్రమట్టానికి దాదాపు 210 మీటర్ల దిగువన, కొండల మధ్య పల్లంలో ఉంటుంది. కొండల మీది చల్లగాలి ఆ వెచ్చటి పల్లంలోకి ఒక్కసారిగా దిగినప్పుడు, అంతదాకా నిశ్చలంగా ఉన్న నీళ్ళు నిమిషాల్లో ఎగసిపడతాయి. సువార్తల్లో పడవ మునిగిపోతోందని శిష్యులు హడలిపోయిన సంఘటన ఈ భూగోళం తెలిస్తే వేరేగా కనిపిస్తుంది. ఆ పడవలో ఉన్నవాళ్ళలో కొందరు ఆ నీళ్ళ మీదే పుట్టి పెరిగిన జాలర్లు. నీళ్ళు తెలియనివాడు చిన్న అలకే అరుస్తాడు. వాళ్ళు భయపడ్డారంటే నిజంగానే భయపడాల్సిన గాలి అది.

1986లో ఆ ప్రాంతంలో వానలు లేక సరస్సు నీళ్ళు బాగా తగ్గాయి. గినోసార్ దగ్గర ఒడ్డున బురదలో ఒక పాత పడవ బయటపడింది. ఇద్దరు జాలరి సోదరులు దాన్ని గుర్తుపట్టారు. పొడవు 8 మీటర్లకు కొంచెం ఎక్కువ. క్రీస్తు కాలపు పడవే అని పరీక్షల్లో తేలింది. యేసు ఎక్కిన పడవ అని ఎవరూ అనలేదు, అనడానికి ఆధారమూ లేదు. ఆసక్తి కలిగించే సంగతి వేరే ఉంది. ఆ ఒక్క పడవలో 12 రకాల కలప వాడారు. పాడైన చెక్క పీకేసి, దొరికిన చెక్క వేసి, మళ్ళీ మళ్ళీ బాగుచేసుకుంటూ వాడారు. కొత్త పడవ కొనే స్తోమత లేని ఇంటి పడవ అది. యాకోబు, యోహాను వలలు బాగుచేసుకుంటూ ఉండగా యేసు పిలిచాడని సువార్తల్లో ఉంది. చినిగింది కుట్టుకోవడం, విరిగింది అతుక్కోవడం తెలిసిన చేతులనే ఆయన ఎంచుకున్నాడని ఆ పడవ పక్కన నిలబడితే అనిపిస్తుంది.

దారిలో విత్తనం పోసే రైతు

మన మెట్టరైతుకు విత్తువాని ఉపమానం చెబితే మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: అంత అజాగ్రత్తగా ఎలా విత్తాడండీ? తెలంగాణలో, రాయలసీమలో జొన్నకూ వేరుశనగకూ గొర్రు కడతారు. వెనక నడిచే మనిషి జడ్డిగంలో గింజలు వదులుతుంటే అవి సాలు తప్పకుండా మట్టిలోకి దిగుతాయి. గింజ విలువ తెలిసిన పద్ధతి అది. దారి మీద, రాళ్ళ మీద, ముళ్ళపొదల్లో గింజలు పడటమంటే మన లెక్కలో చేతకానితనం.

ఉపమానంలోని రైతు మాత్రం చేత్తో చల్లుతూ పోతాడు. కొన్ని కాలిబాట మీద పడి పిట్టల పాలవుతాయి. కొన్ని పరుపు బండ మీది పలచటి మన్నులో పడి తొందరగా మొలిచి, ఎండకు తొందరగా మాడిపోతాయి. కొన్నింటిని ముళ్ళు అణిచేస్తాయి. మంచి నేలలో పడ్డవి ముప్పై, అరవై, నూరంతలుగా పండుతాయి. ప్రసంగాల్లో సాధారణంగా నేల గురించే చెబుతారు: నువ్వు ఏ నేలవో చూసుకో అని. గొర్రు పట్టిన రైతు కళ్ళతో చూస్తే విత్తేవాడు కనిపిస్తాడు. ఈ నేల పండదని ముందే తీర్పు చెప్పి చెయ్యి వెనక్కి తీసుకోని వాడు. గింజ వృథా అవుతుందని తెలిసీ చల్లేవాడు. మన వ్యవసాయానికీ ఆ ఉపమానానికీ ఉన్న తేడాలోంచే ఈ అర్థం బయటికి వస్తుంది. తేడాను దాటేసి చదివితే చిక్కదు.

ఉప్పు సంగతీ అంతే. ఉప్పు సారం పోగొట్టుకుంటే దేనికీ పనికిరాదన్న మాట విని రసాయనశాస్త్రం చదివినవాళ్ళు నవ్వుతారు. ఉప్పుకు ఉప్పదనం పోవడమేమిటి? పాకెట్ ఉప్పు మాత్రమే చూసినవాళ్ళకు అది పొడుపుకథే. ఆ కాలంలో మృతసముద్ర తీరం నుంచి వచ్చిన ఉప్పులో వేరే ఖనిజాలు బాగా కలిసి ఉండేవి. తేమ తగిలితే అసలు ఉప్పు కరిగి కారిపోయి, తెల్లగానే ఉండే చప్పటి పొడి మిగిలేది. శ్రీకాకుళం జిల్లా నౌపడాలోనో బాపట్ల తీరంలో చినగంజాం దగ్గరో ఉప్పు మడుల గట్టు మీద కుప్పలు పోసిన రాశులకు తాటాకులు, పట్టాలు కప్పి కాపాడుకునే కూలీకి ఈ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. చూడటానికి తెల్లగా ఉండి, లోపల పని జరగని స్థితి. పేరుకు భక్తి మిగిలి, అందులోని పస వానకు పోయిన మనిషి.

ఎండ ముదిరేటప్పుడు

ఐరోపాలో శ్రమల కాలం వసంతంలో వస్తుంది. మంచు కరిగి, పచ్చదనం తొంగిచూస్తుంటే ఈస్టర్ వస్తుంది. అక్కడి పాటలూ బొమ్మలూ అన్నీ ఆ రుతువుకు సరిపోతాయి. మనకు ఆ నలభై రోజులు ఎండ ముదిరే రోజులు. ఫిబ్రవరి చివర, మార్చిలో తెలంగాణ అడవులు ఆకు రాల్చి బోసిగా ఉంటాయి. సరిగ్గా ఆ వేళకే మోదుగు పూస్తుంది. ఒక్క ఆకు లేని కొమ్మల నిండా ఎర్రటి నారింజ రంగు పూలు. చెరువులు అడుగంటే కాలంలో, నేల నెర్రెలిచ్చే కాలంలో ఆ చెట్టు తన ఏడాది పూతంతా బయటపెడుతుంది. ఇప్పచెట్టు రాత్రంతా పూలు రాలుస్తుంది. కానుగ ఆకంతా రాల్చి, ఎండలు మండేసరికి లేత ఆకుపచ్చతో నిండుతుంది.

మంచులో మోడుగా నిలబడ్డ చెట్టును చూసి జీవితం మార్చుకున్న మనిషి ఒకడు పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో ఉన్నాడు. బ్రదర్ లారెన్స్ అని తరవాత పేరొచ్చింది. పద్దెనిమిదేళ్ళప్పుడు శీతకాలంలో ఆకుల్లేని చెట్టును చూసి, కొన్నాళ్ళకు దీనికి మళ్ళీ ఆకులూ పూలూ వస్తాయి కదా అనుకున్నాడట. ఆ ఒక్క ఆలోచన అతనిలో దేవుడి మీద గురిని నిలబెట్టింది. తరవాత పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరి, ఏళ్ళ తరబడి వంటింట్లో పనిచేశాడు. 1691లో చనిపోయాడు. ప్రార్థన గదిలో ఎంత దగ్గరగా ఉంటానో గిన్నెల మధ్యా దేవుడికి అంతే దగ్గరగా ఉంటానన్నది అతని బతుకు సారాంశం. అతను చూసినది మంచు చెట్టు. అదే చూపు మోదుగు మీద పెడితే మనకు దొరికేది ఇంకో పాఠం. మన చెట్టు మంచి రోజులు వచ్చేదాకా ఆగదు. గడ్డు రోజుల్లోనే పూస్తుంది. శుభ శుక్రవారం సిలువ దగ్గర నిలబడే తెలుగు భక్తుడికి ఈ చెట్టు అచ్చంగా సొంతం.

మట్టల ఆదివారం కూడా మన నేలకు తగ్గట్టు మారిన పండుగే. యేసు యెరూషలేములో ప్రవేశించినప్పుడు జనం ఖర్జూరపు మట్టలు పట్టుకున్నారు. ఇక్కడ పిల్లల చేతుల్లో కొబ్బరి మట్టలు, ఈత మట్టలు, తాటాకులు ఉంటాయి. ఆ మట్టలను కొన్ని సంఘాల్లో దాచిపెడతారు. ఎండిపోయిన వాటిని మరుసటి ఏడాది కాల్చి, ఆ బూడిదనే భస్మ బుధవారం నాడు నొసట రాస్తారు. జయజయధ్వానాలు చేసిన ఆకే ఏడాది తిరిగేసరికి మనిషి మట్టి అని గుర్తుచేసే బూడిద అవుతుంది. ఇందులో ప్రసంగం అవసరమైన భాగం దాదాపు ఏమీ లేదు. ఆకును ఏడాదిపాటు కంటి ముందు ఉంచుకుంటే చాలు.

మంద కాసే రాత్రి

వానకాలం పంట కోతలు అయ్యాక, డిసెంబరు చలిలో, గొర్రెల మందలు ఊళ్ళు దాటి వస్తాయి. కోసిన పొలాల్లో రైతులు రాత్రిళ్ళు మంద పెట్టించుకుంటారు. ఎరువు కోసం. కాపరులకు గింజలో డబ్బో ముట్టజెబుతారు. గొల్ల, కురుమ కాపరులు గొంగడి కప్పుకుని ఆ పొలంలోనే పడుకుంటారు. పూర్తిగా నిద్రపోరు. నక్కలకూ దొంగలకూ ఒక చెవి తెరిచే ఉంటుంది. ఈనే గొర్రె ఉంటే ఆ రాత్రికి అసలు నిద్రే లేదు.

బేత్లెహేము బయట రాత్రివేళ మంద కాస్తున్న కాపరులకు మొదట కబురు అందిందని లూకా రాశాడు. తేదీ చెప్పలేదు. డిసెంబరు 25 తరవాతి కాలం సంప్రదాయం. కానీ మన డిసెంబరులో ఈ కథ పక్క పొలంలో జరుగుతున్నట్టే ఉంటుంది. క్రిస్మస్ తారలు కట్టిన ఇళ్ళకు కూతవేటు దూరంలో నిజమైన కాపరులు చలిమంట వేసుకుని ఉంటారు. చర్చి నాటకంలో తలకు తువ్వాలు చుట్టుకున్న పిల్లలను మనం చూస్తాం. పొలంలో గొంగడి చుట్టుకున్నవాణ్ణి చూడం. ఊరు వాళ్ళను నమ్మేది తక్కువ, పంట మేసిందని తిట్టేది ఎక్కువ. దేవదూతల కబురు ఎందుకు వాళ్ళకే అందిందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా ఊరంతా తలుపులు వేసుకుని నిద్రపోతున్న వేళకు మెలకువగా ఉన్నది వాళ్ళు మాత్రమే.

పొలం తెలిసిన సంఘాలు

తెలుగు నేల మీద పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవం పెద్ద ఎత్తున చేరింది వ్యవసాయ కూలీల దగ్గరికి. ముఖ్యంగా మాల, మాదిగ కుటుంబాల దగ్గరికి. బైబిలు తెచ్చిన మిషనరీలకు అమెరికా, ఇంగ్లండు తెలుసు. బైబిల్లోని పొలం విన్నవాళ్ళకే ఎక్కువ తెలుసు. కళ్ళం, తూర్పారబట్టడం, చేట, పొల్లు, కాడి: ఇవి వాళ్ళకు వ్యాఖ్యానం అక్కర్లేని మాటలు. గోధుమనూ పొట్టునూ వేరుచేసే చేట గురించి బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పినప్పుడు, ఆ చేటను నిత్యం చేతబట్టినవాళ్ళు వింటున్నారు.

1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని పెట్టాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ జనానికి నీళ్ళంటే ఏమిటో ఆలోచించాలి. ఊరి బావి వాళ్ళకు అంటరానిది. నది అందరిదీ. చెలమల్లో నీళ్ళు తోడుకుని, చినుకు కోసం రెండేళ్ళు ఆకాశం వైపు చూసినవాళ్ళు నిండు నదిలో దిగి మునిగి లేచారు. నీటి గురించి వాళ్ళకు ఇంకెవరు పాఠం చెప్పగలరు?

ఆ పల్లెల్లో కోతకాల పండుగ ఇప్పటికీ కళగా జరుగుతుంది. బలిపీఠం ముందు వడ్ల బస్తాలు, కంకుల గుత్తులు, గుమ్మడికాయలు, సొరకాయలు, గుడ్లు, కాళ్ళు కట్టిన నాటుకోళ్ళు. ఆరాధన అయ్యాక వేలం. బజారులో తక్కువకు దొరికే గుమ్మడికాయ అక్కడ నాలుగు రెట్లు పలుకుతుంది, పాడినవాడు నవ్వుతూ మోసుకుపోతాడు. ప్రథమ ఫలాలు దేవుడికి తెమ్మన్న మోషే ధర్మశాస్త్రమే దీనికి మూలం.

అదే ధర్మశాస్త్రం ఇంకో మాట కూడా అంటుంది. చేను కోసేటప్పుడు అంచులదాకా కోయవద్దు, రాలిన పరిగె మళ్ళీ ఏరవద్దు, అది పేదలకూ పరదేశులకూ వదిలెయ్యమని. మోయాబు నుంచి వచ్చిన విధవరాలు రూతు బేత్లెహేము పొలంలో పరిగె ఏరుకుంటూనే కథలోకి వస్తుంది. ఆమె వంశంలోనే దావీదు, ఆ తరవాత యేసు. మన ఊళ్ళల్లోనూ కోతలయ్యాక పరిగె ఏరుకున్న తల్లుల పిల్లలు ఈరోజు ఉద్యోగాల్లో ఉన్నారు. కోత మిషను వచ్చాక ఆ పని చాలాచోట్ల తగ్గిపోయింది. కళ్ళమే లేని చోట పొల్లూ గింజా ఎరగని పిల్లలు ఆ వాక్యాలు చదువుతున్నారు. పొలం అంచు వదలడమనే మాటకు ఇప్పటి జీతాల్లో, లాభాల్లో, అపార్ట్‌మెంట్లలో అర్థమేమిటో ఏ సంఘానికి ఆ సంఘం వెతుక్కోవాలి.

వెళ్ళి చూడదగ్గవి

ఒంగోలు ప్రార్థన కొండ: 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో కలిసి ఎక్కి ప్రార్థించిన కొండ. అప్పటికి ఆ ప్రాంతంలో స్థిరపడిన మిషనరీ లేడు. పైనుంచి చూస్తే ఊళ్ళు కనిపిస్తాయి. కనిపించిన ఊళ్ళ కోసమే ఆ ప్రార్థన.

మెదక్ చర్చి: మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ కల్పిస్తూ కట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. శిఖరం ఎత్తు సుమారు 175 అడుగులు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలకు ఎండే దీపం. చీకటి పడితే అవి నల్లటి గాజు పలకలు మాత్రమే. పగలు, లోపల నిలబడి చూడాలి.

డోర్నకల్ కెథెడ్రల్: ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య కట్టించిన దేవాలయం, 1939లో ప్రతిష్ఠించారు. గుడి మండపపు స్తంభాలు, మసీదు గుమ్మటాల తీరు, సిలువ ఒకే కప్పు కింద కలిశాయి. చుట్టూ ఉన్న ఊళ్ళ కట్టడాలను శ్రద్ధగా చూసినవాళ్ళ పని.

ముక్కు విరగ్గొట్టుకునే గద్ద

వాట్సాప్‌లోనూ ప్రసంగాల్లోనూ చాలా ఏళ్ళుగా తిరుగుతున్న కథ ఒకటుంది. పక్షిరాజు నలభై ఏళ్ళకు ముసలిదవుతుందట. అప్పుడు కొండెక్కి, ముక్కును బండకేసి కొట్టి విరగ్గొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక దాంతో గోళ్ళూ ఈకలూ పీకేసుకుని, ఐదు నెలల తరవాత కొత్త యవ్వనంతో ఇంకో ముప్పై ఏళ్ళు బతుకుతుందట. కీర్తనల్లో పక్షిరాజులా యవ్వనం కొత్తదవుతుందన్న మాటకు దీన్ని ముడిపెడతారు. వినేవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి.

ఇదంతా కల్పితం. ముక్కు లేని గద్ద వేటాడలేదు, తినలేదు. నెలలు కాదు, కొన్ని రోజుల్లోనే చచ్చిపోతుంది. అడవిలో అవి నలభై ఏళ్ళు బతకడమే అరుదు. దేవుడి సృష్టి గురించి అబద్ధం చెప్పి దేవుడి గురించి నిజం బోధించగలమా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

నిజానికి గద్ద ఈకలు మార్చుకునే తీరు ఆ కట్టుకథకన్నా గొప్పది. ఈకలన్నీ ఒకేసారి రాలవు. ఈ రెక్కలో ఒకటి, ఆ రెక్కలో ఒకటి, ఇలా కొద్దికొద్దిగా రాలి కొత్తవి వస్తుంటాయి. మొత్తం మారడానికి ఏడాదికి పైగా కూడా పట్టవచ్చు. ఆ కాలమంతా అది ఎగురుతూనే ఉంటుంది, వేటాడుతూనే ఉంటుంది, పిల్లలకు మేత పెడుతూనే ఉంటుంది. కొత్తదనం కోసం కొండెక్కి కూర్చోదు. మారిన మనుషుల్లో ఎక్కువమంది మారింది ఇలాగే. తాగుడు మానినవాడు, కోపం తగ్గించుకున్నవాడు, పగ వదిలేసినవాడు పని మానుకుని మారలేదు. సంసారం నడుపుతూ, అప్పులు తీరుస్తూ, ఒక్కో ఈక చొప్పున మారారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తే దొరికిన పాఠం ఇది. కట్టుకథలో దొరికే ఉద్రేకం ఇందులో ఉండదు. సోమవారం నుంచి శనివారం దాకా పనికొచ్చే ధైర్యం ఉంటుంది.

సాధు సుందర్ సింగ్ ఉదాహరణలు వందేళ్ళ తరవాత కూడా నిలిచాయంటే కారణం ఇదే అనిపిస్తుంది. పంజాబులో 1889లో పుట్టి, హిమాలయాల దారుల్లో కాలినడకన తిరిగి, 1929లో టిబెట్ వైపు వెళ్ళి తిరిగి రాని మనిషి. నీళ్ళలో ఎంతోకాలంగా పడి ఉన్న రాయిని పగలగొట్టి చూస్తే లోపల పొడిగానే ఉందన్నది ఆయన పేరు మీద బాగా తెలిసిన ఉదాహరణ. క్రైస్తవ వాతావరణంలో తరాలుగా మునిగి ఉండి కూడా లోపల తడవనివాళ్ళ గురించి దాన్ని చెప్పాడు. రాయి పగలగొట్టి చూసినవాడు చెప్పిన మాట అది.

తెలుగులో గుర్రం జాషువా గిజిగాడి మీదా సాలీడు మీదా పద్యాలు రాశాడు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. గూడు అల్లే పిట్టనూ గూడు కట్టే పురుగునూ పనివాళ్ళుగా గుర్తించి గౌరవించిన కలమే క్రీస్తు కథ కూడా రాసింది. ఆ రెండూ వేరువేరు పనులు కావు.

పాఠం చెప్పకూడని చోటు

ప్రకృతి ఎప్పుడూ లిల్లీపూలూ పిచ్చుకలూ మాత్రమే కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనా ప్రకృతే. వేలమంది పోయారు. పశువుల కళేబరాలూ మనుషుల శవాలూ కలిసి కొట్టుకొచ్చిన ఆ నీళ్ళలోంచి ఏం పాఠం తీస్తాం? ఇలాంటి ప్రతి విపత్తు తరవాతా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు లేచి, ఇది పాపానికి శిక్ష అంటారు. అన్ని మతాల్లోనూ అనేవాళ్ళున్నారు.

యేసు దగ్గరికి అలాంటి ప్రశ్నే వచ్చింది. యెరూషలేములో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్ళు ఊళ్ళో మిగతావాళ్ళకన్నా పాపాత్ములనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే తేల్చి చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడూ అంతే: ఇతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడు. ఆ తరవాత అతనికి చూపిచ్చాడు. కూలిన గోపురం మీద నిలబడి చనిపోయినవాళ్ళకు తీర్పు చెప్పడం ఆయనకు నచ్చలేదు. బతికున్నవాళ్ళను మారమన్నాడు, బాధపడుతున్నవాణ్ణి బాగుచేశాడు. ప్రతి పువ్వులో, ప్రతి పిట్టలో పాఠం చూసిన మనిషే కొన్ని చోట్ల పాఠం వద్దన్నాడు. చుట్టూ చూసి నేర్చుకునేవాళ్ళకు ఈ నిగ్రహం కూడా అందులో భాగమే. ఉప్పెన వచ్చిన ఊళ్ళో బియ్యం మూట దించడం ఒక్కటే సరైన వ్యాఖ్యానం.

సాయంత్రం ఐదింటికి అడ్డా మీద

నగరాల్లో ఉండేవాళ్ళు తరచూ అంటారు, మాకు పొలాల్లేవు, కొండల్లేవు, ఇవన్నీ ఎక్కడ చూడాలని. హైదరాబాదులో అయినా విజయవాడలో అయినా పొద్దున్నే కూలీల అడ్డా కనిపిస్తుంది. తాపీ, పార, తట్ట, పెయింటు బ్రష్షులు పట్టుకుని, టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని నిలబడ్డ మనుషులు. మేస్త్రీ బండి ఆగితే పది మంది చుట్టుముడతారు, ఇద్దరిని ఎక్కించుకుంటాడు. పొద్దు ఎక్కేకొద్దీ గుంపు పలచబడుతుంది. పది దాటాక మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. తెచ్చుకున్న అన్నం అక్కడే చెట్టు కింద తిని ఇంటికి పోతారు.

మత్తయి సువార్త 20వ అధ్యాయం ఈ అడ్డాలోనే జరుగుతుంది. ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే వచ్చి, రోజుకో దేనారానికి కూలీలను మాట్లాడుకుంటాడు. తొమ్మిదింటికి మళ్ళీ వస్తాడు. పన్నెండింటికి, మూడింటికి కూడా. సాయంత్రం ఐదింటికి వచ్చి, ఇంకా నిలబడే ఉన్నవాళ్ళను చూసి ఎందుకిలా ఉన్నారని అడుగుతాడు. మమ్మల్ని ఎవరూ పిలవలేదంటారు. వాళ్ళనూ పంపిస్తాడు. ఆ సాయంత్రమే అందరికీ ఒకే కూలి ఇస్తాడు. పొద్దుటి నుంచి ఎండలో చేసినవాళ్ళు గొణుగుతారు. లెక్క ప్రకారం వాళ్ళ మాటలో తప్పులేదు.

అడ్డా ఎరిగినవాళ్ళకు ఇంకో లెక్క తెలుసు. దేనారం ఒక ఇంటికి ఒక రోజు తిండి. గంట పనికి గంట కూలి ఇస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చివర వచ్చినవాడు అంతదాకా పని చెయ్యకపోవడానికి సోమరితనం కారణం కాదు, ఎవరూ పిలవకపోవడం కారణం. మామూలుగా పది దాటితే ఆశ వదులుకుని వెళ్ళిపోయే చోట, సాయంత్రం ఐదింటిదాకా నిలబడ్డాడంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో యజమాని గ్రహించాడు. పనిగంటల లెక్క పక్కన పెట్టి, ఆకలి లెక్క కట్టాడు. కూలివాడి కూలి పొద్దుగుంకకముందే ఇవ్వమన్న ద్వితీయోపదేశకాండపు నియమాన్ని ఒక మెట్టు పైకి తీసుకువెళ్ళాడు.

చుట్టూ ఉన్నవాటిలో దేవుణ్ణి వెతకడమంటే చాలామందికి సూర్యోదయాలు, జలపాతాలు, కొండల మీద మబ్బులు. అవి చూడటానికి బాగుంటాయి, మనల్ని ఏమీ అడగవు. అడ్డా అడుగుతుంది. ఇంటి ముందు ఇసుక మోసినవాడికి, అంట్లు తోమి వెళ్ళే ఆమెకు ఇవ్వాల్సింది చీకటిపడకముందే ఇచ్చామా అని అడుగుతుంది. అసలు పని దొరకనివాడి పూట సంగతేమిటని కూడా అడుగుతుంది. ఆదివారం ఈ ఉపమానం విన్నవాళ్ళలో చాలామంది సోమవారం పొద్దున అదే అడ్డాకు తాపీమనిషి కోసమో తోటపనికి మనిషి కోసమో వెళ్తారు. పాఠం చెవిదాకా వచ్చి ఆగిందో, ఇంకా లోపలికి దిగిందో ఆ సాయంత్రం ఇచ్చే కూలి చెబుతుంది.